ముక్కుపుడక – నియమావళి

మన ప్రాంతంలో ఆడపిల్లకు చెవులు కుట్టించే నాటికి ఆ బిడ్డకు మాటలైనా సరిగా రావు. అమ్మమ్మయో నానీయో ఒడిలో కూర్చుండబెట్టుకొని, అవుసులాయనను పిలిపించి, నోటిలో బెల్లపు ముక్క పెట్టి పని కానిస్తారు. బిడ్డ అంగీకారాన్ని ఎవరూ అడుగరు. అడుగవలెనన్న ఊహయే ఎవరికీ రాదు. అదే బిడ్డ పెరిగి పెద్దదై, 19వ యేట తన ఇష్టంతో తానే ముక్కు కుట్టించుకొని కళాశాలకు వస్తే మాత్రం ఇంటిలోను, అధ్యాపకుల గదిలోను పెద్ద చర్చ లేస్తుంది. అడుగకుండా కుట్టినది ఆచారమట. తెలిసి కుట్టించుకొన్నది అవిధేయతయట!

ఈ చర్చ ఇప్పుడు మన కళాశాల కమిటీ ముందుకు కూడ వచ్చినది. విద్యార్థినులు ముక్కుపుడకలు గాని, చెవికి ఒకటికి మించిన పోగులు గాని ధరించరాదనియు, విద్యార్థులు అసలే ధరించరాదనియు నియమావళిలో ఒక వాక్యం చేర్చాలన్నది ప్రతిపాదన. ప్రతిపాదించిన పెద్దల సదుద్దేశాన్ని నేను శంకించడం లేదు. అయినను ఆ వాక్యం అక్కరలేదని నా అభిప్రాయం. ఎందుకో మనవి చేస్తాను.

“ఇది మన సంప్రదాయం కాదు” అన్నది మొదటి ఆక్షేపణ. ఎవరి సంప్రదాయం కాదు? చెవులు కుట్టే పద్ధతిని సుశ్రుత సంహిత ఒక శస్త్రచికిత్సగానే వర్ణించినది. ఆరవ లేక ఏడవ మాసంలో, మగబిడ్డకు కుడిచెవి ముందు, ఆడబిడ్డకు ఎడమచెవి ముందు, ఎండ వెలుగులో తమ్మెను పరికించి సహజమైన పలుచని చోట పొడవవలెనని అందులో ఉన్నది. అంటే మగపిల్లవాని చెవి పోగు ఈ దేశానికి నిన్న మొన్న సినిమాలు తెచ్చినది కాదు. పోగులు పెట్టుకొన్న వృద్ధ రైతులను మన పల్లెలలో పాత తరం వారు ఎరుగుదురు. చెవి పై భాగాన కుట్టించుకోవడం పట్టణపు వేలంవెర్రి అనేవారు తమ ఇంటి ముసలమ్మల బావిలీలను ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి.

ఇక ముక్కు సంగతి మరింత విచిత్రం. ప్రాచీన భారత శిల్పాలలో ముక్కు ఆభరణం కానరాదని, ముస్లింల రాకతోనే అది ఈ దేశంలో వ్యాపించినదని వాదించిన చరిత్రకారులు ఉన్నారు. మనం వాడే ‘నత్తు’, ‘బులాకి’ అన్న మాటలు ఉర్దూవారికి కూడ ఇంటి మాటలే. ఒకరు ముక్కుపుడకను హిందూ చిహ్నమని, మరొకరు ముస్లిం చిహ్నమని పంచుకోబోతే, పాపం, ఆ పుడకకు నిలువ నీడ దొరకదు. రెండు భాషలు వినిపించే మన ఆవరణలో ఈ పంపకం అసలే పొసగదు.

ఈ సందర్భంలో దక్షిణాఫ్రికాలో జరిగిన ఒక వ్యాజ్యాన్ని కమిటీవారి దృష్టికి తేదలచినాను. 2004లో డర్బను నగరపు బాలికల ఉన్నత పాఠశాలలో చదివే ఒక తమిళ సంతతి అమ్మాయి సెలవులలో ముక్కు కుట్టించుకొని చిన్న బంగారు పుడకతో బడికి వెళ్ళినది. నియమావళి ప్రకారం చెవి పోగులే తప్ప మరేదీ కూడదని బడివారన్నారు. ఇది మా ఇంటి ఆచారం, 16వ పుట్టినరోజుకు అమ్మమ్మ దీని స్థానంలో వజ్రపు పుడక పెడుతుందని తల్లి చెప్పినది. పిళ్ళై కేసుగా ప్రసిద్ధమైన ఆ వివాదం రాజ్యాంగ న్యాయస్థానం దాకా పోయి 2007 అక్టోబరులో తేలినది. పుడక ధరించడం మతరీత్యా విధి కాకపోయినను, స్వచ్ఛందంగా ఆచరించేదానికి సైతం రక్షణ ఉంటుందని ప్రధాన న్యాయమూర్తి లాంగా తీర్పులో చెప్పినారు. నియమావళిని విద్యార్థులతోను, తలిదండ్రులతోను, ఉపాధ్యాయులతోను సంప్రదించి సవరించవలెనని కూడ ఆదేశించినారు. అప్పటికి ఆ అమ్మాయి బడి విడిచి వెళ్ళిపోయినది, అది వేరు మాట.

ఈ తీర్పు మనకు మరొక విధంగా చుట్టమే. హిజాబు వివాదంలో కర్ణాటక హైకోర్టు ముందు విద్యార్థినుల పక్షాన దీనిని ఉదహరించినారు. 2022 మార్చి 15 నాటి తీర్పులో హైకోర్టు, ముక్కుపుడక కంటికి ఆననంత చిన్న వస్తువు గనుక ఆ పోలిక చెల్లదన్నది. ఆ తీర్పుతో ఏకీభవించనివారు మనలో అనేకులున్నారు. మన పిల్లల వేషంలో ఇతరులు జోక్యం చేసుకొన్నప్పుడు బాధపడిన మనమే, కంటికి ఆననంత చిన్నదని న్యాయస్థానమే అన్న వస్తువు మీద మన ఆవరణలో నిషేధం వ్రాయబోతే ఎదుటివారికి ఏమని సమాధానం చెబుతాం?

పిళ్ళై కేసులోని అమ్మాయి చిన్నది. ఆమె వెనుక అమ్మమ్మ, ఆచారం ఉన్నవి. మన విద్యార్థులలో అధికులు 18 నిండినవారు. 1989 నుండి ఆ వయస్సు వారు ఈ దేశ ప్రభుత్వాన్నే ఎన్నుకొంటున్నారు. వారికి అమ్మమ్మ సాక్ష్యం అవసరమా? ఆచారం లేకున్నను, కేవలం ముచ్చటపడి కుట్టించుకొన్నను, తన ముక్కు తనదే. స్త్రీలు చెవులు కుట్టించుకొనుటను మన దేశపు హనఫీ ఉలమా అనుమతించినారు. పురుషుల విషయంలో పలువురు కూడదంటారు. ఆ మాట చెప్పదలచినవారు అబ్బాయికి ప్రేమగా చెప్పవచ్చును. క్రమశిక్షణ సంఘం మాత్రం ఫత్వా ఇచ్చే చోటు కాదు. రసాయన ప్రయోగశాలలోను, ఆటస్థలంలోను వ్రేలాడే నగలు తీసివేయవలెనన్న నిబంధన వేరు. దానిని నేను సమర్థిస్తాను. అది అందరికీ ఒక్కటే, కారణం కూడ కంటికి కనిపిస్తుంది.

పెద్దలు నిజంగా భయపడవలసినది సూదిని గురించి. పోయిన జాతరలో ఇరవై మంది చెవులు పొడిచిన సూదియే ఇరవై ఒకటవ ముక్కులో దిగితే కామెర్ల వ్యాధి తెచ్చే హెపటైటిస్ బి వంటివి దానితో రావచ్చును. కొన్ని దుకాణాలలో వాడే ప్లాస్టిక్ తుపాకీని ఆవిరిలో మరిగించి శుద్ధి చేయడం సాధ్యం కాదు; పైగా అది మొద్దు పుడకను బలవంతాన త్రోస్తుంది. తమ్మెకు ఏమో గాని మృదులాస్థికి అది మంచిది కాదు. మొండి సూదితో కలిగే కీడును సుశ్రుతుడే చెప్పియున్నాడు! తమ్మె గాయం 6 నుండి 8 వారాలలో మానుతుంది. ముక్కుకు కొన్ని నెలలు పట్టును. చెవి పై భాగానికి ఒక్కొక్కప్పుడు సంవత్సరం పట్టును. అక్కడ చీము పడితే మృదులాస్థి కరిగి చెవి ముడుచుకొని పోవచ్చును. పచ్చి గాయానికి పసుపు ముద్ద పెట్టడం కన్న శుభ్రమైన ఉప్పునీటితో కడుగుట మేలు. చౌక నగలలోని నికెలు చాలామందికి దురద, రసి తెస్తుంది. ఐరోపాలో 1994లోనే దీనిపై చట్టం చేసినారు.

మన వయోజన విద్యార్థులకు ప్రత్యేకంగా వర్తించేది ఇంకొకటి కలదు. కుట్టిన చోట మచ్చ ఉబ్బి కాయగా పెరిగే కెలాయిడ్ అనే లక్షణం కొన్ని కుటుంబాలలో వస్తుంది. 11 ఏళ్ళ తరువాత చెవులు కుట్టించుకొన్నవారిలో అది హెచ్చుగా కనబడినదని 2005లో ‘పీడియాట్రిక్స్’ అనే వైద్య పత్రికలో ఒక చిన్న పరిశీలన వచ్చినది. అమ్మకో అన్నకో అటువంటి మచ్చ ఉంటే డాక్టరును అడిగిన తరువాతనే సూది ముట్టాలి. ఈ సంగతి తెలిసేది ఇంటివారికే గనుక, విద్యార్థినీ, ఇంటిలో తగవు వచ్చినా సరే, కుట్టించుకోకముందే అమ్మీతో చెప్పు. దుపట్టా కొంగు చాటున పుడకను దాచి వారం గడపడం కన్న అది సులభం. దాచిన గాయానికి చీము పడితే చూపించడానికి కూడ భయమే గదా.

కనుక కమిటీ వారికి నా విన్నపం ఇంతే. ఆ వాక్యాన్ని చేర్చకండి. ఏటేటా వైద్యపరీక్షకు వచ్చే డాక్టరుగారిని ఈసారి ఒక గంట అదనంగా ఉండమని కోరి, సూదులు, లోహాలు, గాయాల సంరక్షణ గురించి ఉర్దూలోను తెలుగులోను చెప్పించండి. ఆ గంటకు అబ్బాయిలను కూడ రానివ్వండి.