మన అవ్వ ఏ బంతిల కూసుంటది?

దేశమంతా కాలువలు తవ్వి, కట్టలు పోసిన పాలమూరు లేబర్‌కు ఇయ్యాల నడుం లేస్తలేదు. నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్లకు బొక్కలు వంగినోళ్లను లేపి కూసోబెట్ట మనిషి కావాలె. బిడ్డలేమో వలస పోయిరి.

2007 వృద్ధుల పోషణ చట్టం, 19వ సెక్షన్: జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, 150 మంది నిరుపేదలకు చోటు. కానీ 'పెట్టాలి' అనలేదు, 'పెట్టవచ్చు' అన్నది. సర్కారు ఆ మాట చాటున దాక్కుంటది.

ఆశ్రమంలో సేవల ప్రమాణాలు సర్కారు నిర్ణయించవచ్చని కూడా అక్కడే ఉంది. మంచం, మందులు సరే. మేము అడిగేది వేరే: మాదిగ అవ్వ అందరితో ఒకే బంతిల కూసుంటదా? పక్క తడిస్తే మార్చే చెయ్యి ఆమెను ముట్టడానికి వెనకాడుతదా? మనోళ్లు వండితే అందరూ తింటరా? (రెండు గ్లాసులు చూసినోళ్లం, ఈ అనుమానం ఊరికే రాలేదు.) ఇవి రూల్సులో రాయాలె.

అన్నలారా, అక్కలారా, సోమవారం ప్రజావాణిలో ఇవే ప్రశ్నలు దరఖాస్తు రాసి కలెక్టర్‌కు ఇద్దాం. రసీదు అడిగి తీసుకుందాం.