రెడ్ల్‌ను అమరుణ్ని చేయకండి



ఇస్త్వాన్ సాబో తీసిన ‘కల్నల్ రెడ్ల్’ (1985) సినిమాపై గత సంచికలో మీరు వేసిన వ్యాసం ఇష్టంగా చదివాను. సినిమా గొప్పదే, అందులో పేచీ లేదు. కానీ ఆస్ట్రియా-హంగరీ సైనికాధికారి ఆల్‌ఫ్రెడ్ రెడ్ల్‌ను ఆ సామ్రాజ్యం బలిగొన్న నిజాయితీపరుడిగా రాయడం నాకు మింగుడుపడలేదు. చరిత్రలోని రెడ్ల్ డబ్బు పుచ్చుకుని ఆస్ట్రియా-హంగరీ సైనిక రహస్యాలను రష్యాకు అమ్మినవాడు.

సినిమాలో యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌కు ఒక ద్రోహి కావాలి. వాడు ఆస్ట్రియన్ కాకూడదు, హంగేరియన్ కాకూడదు, యూదుడూ కాకూడదు. ఒక్కొక్కరినీ పక్కన పెడుతూ పోతే చివరికి మిగిలేది రెడ్ల్ లాగా వెనక ఎవరూ లేని ఉక్రేనియన్. పుట్టుక చూసి మనిషికి వెలకట్టడం ఎరిగిన మనకు ఆ సన్నివేశం సూటిగా తగులుతుంది. చావుకు ముందు తుపాకీతో గదిలో అటూ ఇటూ పరుగులు తీసే రెడ్ల్ పాత్రధారి బ్రాండౌర్ నటనను ఎవరూ మరచిపోలేరు. అయితే ఇది కల్పన. తన కథకు అసలు పత్రాలు ఆధారం కావని దర్శకుడు మొదట్లోనే తెరమీద చెప్పాడు. ఆయన దాచనిదాన్ని మనం ఎందుకు దాచాలి?

రెడ్ల్ 1864లో లెంబర్గ్‌లో, అంటే నేటి ల్వీవ్‌లో, రైల్వే ఉద్యోగి ఇంట పుట్టాడు. శత్రు గూఢచారులను పట్టే విభాగాన్నే నడిపేంత ఎత్తుకు ఎదిగాడు. వియన్నా పోస్టాఫీసులో మారుపేరు మీద వచ్చిన డబ్బు కవర్లు తీసుకుంటూ నిఘాకు చిక్కాడు. 1913 మే 24 రాత్రి తోటి అధికారులే హోటల్ గదికి వచ్చి చావమని దారి చూపారు. తెల్లవారేసరికి తనను తాను కాల్చుకున్నాడు. ఏమేం అమ్మాడో పూర్తిగా రాబట్టకుండానే సైన్యాధిపతి కాన్రాడ్ పరువు కోసం వ్యవహారాన్ని ముగించాడు. ఆ పరువూ దక్కలేదు. కొద్ది రోజుల్లోనే ప్రాగ్ విలేకరి కిష్ గుట్టు బయటపెట్టాడు. ఇక సినిమాలో కుట్రదారుగా కనిపించే యువరాజు, నిజానికి ఈ బలవంతపు ఆత్మహత్య సంగతి విని మండిపడ్డవాడు.

నాకు ఈ నిజమే ఎక్కువ భయం గొలుపుతుంది. నేరస్థుణ్ని విచారించడం కన్నా అతని నోరు మూయించడమే మేలనుకున్న ఆ సైన్యం, మరుసటి ఏడాదే ప్రపంచ యుద్ధంలోకి దిగింది.

చారిత్రక సినిమాలపై వ్యాసాలు తప్పక వేయండి. వాటి పక్కనే, జరిగిందేమిటో చెప్పే చిన్న పేరా ఒకటి వేయమని నా విన్నపం.

ఇట్లు,
మీ పాఠకుడు,
హనుమకొండ