మందు చల్లువాని రక్తము కూడ పరీక్షింపవలెను

నెల్లూరు తీరమున వరిలో సుడిదోమ కనబడిన మరునాడు ఏ ఊరికి పోయినను ఒకే దృశ్యము. పంచె ఎగగట్టి, చొక్కా విప్పి గట్టున పెట్టి, వీపున స్ప్రేయరు తగిలించుకొని మడిలోనికి దిగు మనిషి. దుబ్బుకు ఎన్ని దోమలున్నవో లెక్కించి మీరు మాకు చెప్పుచున్నారు, సంతోషమే. కాని ఆ మందు చల్లిన మనిషి ఒంటిలోనికి ఎంత పోయినదో ఎవరును చూచుట లేదు. ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరములలో నేనును చూడలేదు.

ఒక ఎడగారు పంటకాలమున, సముద్రమునకు దగ్గరనున్న ఒక ఊరిలో, రెండు వారాలుగా వరుసగా మందు కొట్టుచున్న ఒక కూలి మధ్యాహ్నమువేళ గట్టుమీద కూలబడినాడు. ఒళ్ళంతా చెమట, నోటివెంట చొంగ, కండరములు అదరుట. వడదెబ్బ అని చుట్టునున్నవారు మజ్జిగ త్రాగించిరి. ఆసుపత్రిలో వైద్యుడు మొదట చూచినది ఆయన కనుపాపలను. అవి సూదిమొనవలె చిన్నవై యున్నవి. వడదెబ్బకు అట్లు కావు. అట్రోపిన్ ఇంజక్షన్లతో ప్రాణము దక్కినది. పొలము యజమాని నాతో అన్నమాట ఇది: "ఏం కాదులెండి సార్, వాడికి అలవాటే."

ఈ అలవాటు అనుమాటతోనే నా తగవు. ఎసిఫేట్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులకు శరీరము అలవాటు పడదు. తూము తెరచినవాడు మడి తడిసిన తరువాత దానిని మూయవలెను గదా. నరములలో ఆ మూయు పనిని కోలినెస్టరేజ్ అను ఎంజైము చేయుచుండును. ఈ మందులు దానిని కట్టివేయును. అప్పుడు తూము తెరచియే యుండి, చెమట, చొంగ, వణుకు, ఆయాసము వచ్చును. ఒకనాటి మందుతో ఎంజైము కొంత తగ్గి, అది కోలుకొనకముందే మరునాడు మరికొంత తగ్గును. పైకి ఏమియు కనబడదు. ఇట్లు తగ్గి యున్నవానిని పదునైదవనాడు కొద్దిపాటి మందే పడగొట్టును. ఎర్రకణములలోని ఎంజైము పూర్తిగా తిరిగి వచ్చుటకు మూడు నాలుగు నెలలు పట్టవచ్చును.

మందు ముక్కుద్వారా మాత్రమే పోవునని పలువురి నమ్మకము. ముక్కుకు తువాలు చుట్టి, కాళ్ళు చేతులు వదలివేయుదురు. నిజమునకు పొలములో ఎక్కువ పోవునది చర్మముద్వారానే. పారాథియాన్‌తో చేసిన పరీక్షలలో, ముంజేతితో పోల్చిన నుదుటినుండి సుమారు 4 రెట్లు, వృషణముల చర్మమునుండి సుమారు 12 రెట్లు ఎక్కువగా లోనికి పోయినట్లు తేలినది. కారుచున్న ట్యాంకునుండి మందు వీపుమీదుగా పంచె తడుపుచు ఎక్కడికి దిగునో మీరే ఆలోచింపుడు. ఆ పంచె ఉతుకునది ఇంటి ఇల్లాలు.

2003లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్తి పండించు మూడు గ్రామములలో పరిశోధకులు ఈ సంగతి విచారించిరి. మందు చల్లుట మగవారి పనియే, కాని చిక్కని మందును నీటిలో కలిపి ట్యాంకులు నింపువారు స్త్రీలు. నూటికి ఆరు చల్లకములలో నరములకు తీవ్రమైన బాధ కలిగినను, ఒక్కరైనను వైద్యునివద్దకు పోలేదట. కనుక ఆసుపత్రి లెక్కలలో లేదు గాబట్టి మన ఊరిలో బాధ లేదనుట సరికాదు.

చట్టము లేక కాదు. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన పిండి తిని నూరుమందికి పైగా చనిపోయిన పిదప జరిగిన ఆలోచనల ఫలితమే 1968 నాటి పురుగుమందుల చట్టము. దానిక్రింద 1971లో వచ్చిన నిబంధనలలో ఈ తరగతి మందులతో పనిచేయువారికి నెలకొకసారి రక్తములో కోలినెస్టరేజ్ కొలువవలెనని వ్రాసియున్నది. కాని నేడు మీ చేనిలో, రేపు పొరుగువాని చేనిలో మందు కొట్టు కూలి ఎవరి ఉద్యోగి? ఆ ప్రశ్నకు జవాబు లేక ఆ నిబంధన మన గట్టు దాటి లోనికి రాలేదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1974 నుండియే వ్యవసాయ కూలీలకు ఈ పరీక్ష ఏర్పాటు కలదు. ఎంజైము తన మొదటి కొలతలో నూటికి 80 కంటె తగ్గిన పని పద్ధతిని విచారింతురు. ఎర్రకణములలో 70కి గాని, ప్లాస్మాలో 60కి గాని దిగిన ఆ మనిషిని మందుపనినుండి తప్పింతురు.

మొదటి కొలత అను మాట ముఖ్యము. ఈ ఎంజైము మనిషికి మనిషికి చాల తేడాగా నుండును. కనుక పడిపోయిన తరువాత చేసిన ఒక్క పరీక్ష పూర్తి సంగతి చెప్పదు. కనీసము నెలరోజులు మందు ముట్టక యున్నపుడు, అనగా మనకు ఎడగారు కోతలై నారుమళ్ళు పోయుటకు ముందు, తీసిన కొలత చేతిలో నుండవలెను. ఖర్చు ఎవరిదందురా? మందు డబ్బాకు వెచ్చించు రైతులు నలుగురు కలిసిన అది పెద్ద మొత్తము కాదని నా అభిప్రాయము.

రబ్బరు సూట్లు తొడుగుడని నేను చెప్పను. మన ఎండలో గంటసేపు నిలుచు మాట కాదు. మందు కలుపునపుడు రబ్బరు చేతితొడుగులు, నిండుచేతుల చొక్కా, ప్యాంటు, ట్యాంకుకు వీపుకు నడుమ ప్లాస్టిక్ పట్టా, ఇవి సాధ్యమే. సముద్రపుగాలి లేవకముందే పని ముగింపవలెను. నాట్లనాడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలిన దోమయు తగ్గును, తడిసిన పైరును ఒరసికొనుచు నడువవలసిన అవసరమును తగ్గును. 2023లో కేంద్రము 36 శాతపు మోనోక్రోటోఫాస్‌ను నిషేధించినది. పాత డబ్బాలు చావడి చూరులలో ఇంకను ఉన్నచో బయట పెట్టుడు.

గ్రామాధికారులకు ఒక మనవి. రైతు సేవా కేంద్రమున ఎరువుల లెక్కకు పుస్తకమున్నది. మందు చల్లువారి పేర్లు, ఏ మందు, ఎన్ని దినములు, రక్తము కొలత వ్రాయుటకు మరొక పుస్తకము పెట్టుడు. రానున్న నారుమళ్ళకు ముందు మూడు ఊళ్ళలో దీనిని తెరువదలచితిని. ఆనాడు గట్టుమీద కూలబడిన మనిషి మొదటి పేరు తనది వ్రాయుమన్నాడు. పొలము యజమాని పరీక్ష ఖర్చుకు ఇంకను ఒప్పుకొనలేదు.