భద్రత ఎవరికి? కార్డు ఎవరికి?

పెద్దమ్మ వేలిముద్ర మిషను మీద పడలా. ఇది 2016 నాటి సంగతి. మా పక్క ఊరి చౌక డిపో ముందు ఎర్రటెండలో వరసలో నిలబడి, తన వంతు రాగానే బొటనవేలు పెట్టింది. పడలేదు. చూపుడువేలు పెట్టింది, అదీ పడలేదు. "చెయ్యి కడుక్కుని రావే" అన్నాడు డీలరు. బోరింగు దగ్గర కడుక్కుని, కొంగుకి తుడుచుకుని వచ్చింది. పది వేళ్లూ వరసగా పెట్టించాడు. ఒక్కటీ పడలా. "నీకు వేళ్లే లేవు, రేపు రా పో" అన్నాడు.

నలభై ఏళ్లు నాట్లేసి, మిరపకాయలు కోసి, పొగాకు గుచ్చి అరగదీసుకున్న వేళ్లవి. "నేను నేను కాదంటన్నాడు నాయనా" అని మాతో చెప్పుకుంది. కాపురానికొచ్చి యాభై ఏళ్లయిన ఊళ్లో, చిన్నప్పట్నుంచీ తనని ఎరిగిన డీలరు ముందు, ఆమె ఆమె కాకుండా పోయింది.

ఇదేదో ఒక్క ముసలమ్మ గోడు అనుకోవద్దు. 2016-17 ఆర్థిక సర్వేలో కేంద్ర ప్రభుత్వమే రాసుకున్న అంచనాలు చూడండి. ఆధార్ సరిపోల్చడం విఫలమయ్యేది జార్ఖండ్‌లో నూటికి 49, రాజస్థాన్‌లో 37, మన కృష్ణా జిల్లాలో 5. ఐదే కదా అంటారు కుర్చీలో కూర్చున్నవాళ్లు. ఆ ఐదుగురు ఎవరో మనకి తెలుసు. ఫ్యాను కింద పెన్ను పట్టుకునే చేతులు కావవి.

ఇంతకీ ఈ కార్డు ఎక్కడ పుట్టింది? బియ్యం దొంగల్ని పట్టడానికని చాలామంది అనుకుంటారు. దేశానికంతటికీ ఒక కార్డు అనే మాట గట్టిగా లేచింది భద్రత పేరుతో. 1999 కార్గిల్ యుద్ధం తర్వాత కె. సుబ్రహ్మణ్యం కమిటీ, సరిహద్దు గ్రామాల వాళ్లకి గుర్తింపు కార్డులివ్వమంది. 2001లో మంత్రుల బృందం దాన్ని దేశం మొత్తానికీ సాగదీసింది. 2003లో పౌరసత్వ చట్టాన్ని సవరించి 14ఎ సెక్షను చేర్చారు. ప్రతి పౌరుణ్నీ నమోదు చేసి జాతీయ గుర్తింపు కార్డు ఇవ్వొచ్చని అందులో ఉంది. 2009లో ఆధార్ సంస్థ పెట్టేనాటికి పాట మారింది. ఈసారి పేదల కోసం అన్నారు. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలో టెంభ్లీ అనే ఆదివాసీ పల్లెలో మొదటి నంబరు ఇచ్చి ఫొటోలు దిగారు. చొరబాటుదారుణ్ని ఆపడానికని మొదలైన ఆలోచన తిరిగి తిరిగి చౌక డిపో దగ్గర పెద్దమ్మని ఆపింది.

పోనీ, కార్డు ఉంటే హంతకుడు దొరుకుతాడా? 2008 నవంబరులో ముంబయి మీద దాడి చేసినవాళ్ల దగ్గర కార్డులున్నాయి. హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కాలేజీ పేరుతో తయారుచేసుకున్న దొంగ గుర్తింపు కార్డులవి. కార్డు చూపించమంటే టక్కున తీసి చూపించేది అట్లాంటివాడే. అవి కాగితం కార్డులు, వేలిముద్రకి దొంగ ముద్ర ఉండదు అని మా తోటి మాస్టారొకాయన వాదించాడు. కావచ్చు. వేలు వాడెవడో చెబుతుంది గానీ వాడి మనసులో ఏముందో చెబుతుందా? స్పెయిన్‌లో అందరికీ కార్డు తప్పనిసరై దశాబ్దాలైంది. 2004 మార్చిలో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా చచ్చిపోతే ఆ కార్డు ఆపలేకపోయింది. బ్రిటన్ 2006లో కార్డు చట్టం చేసుకుని 2010లో రద్దు చేసుకుంది.

ఖర్చు సంగతికొద్దాం. 2018 నాటికి ఆధార్ సంస్థ పెట్టిన ఖర్చు తొమ్మిది వేల కోట్లకు పైమాటే. అస్సాంలో పౌరుల జాబితా తయారుచేయడానికి వెయ్యి కోట్లు దాటింది. 2019 ఆగస్టు 31న తుది జాబితా వేసేసరికి 19 లక్షల మంది పేర్లు అందులో లేవు. ఇవన్నీ సర్కారు లెక్కలు. మన లెక్క ఏ బడ్జెట్టులోనూ ఉండదు. పేరులో అక్షరం తప్పు పడిందని మండలానికి పోతే ఒక కూలి పోయె. కరెంటు లేదంటే రెండో కూలి పోయె. ఆటో ఛార్జీ, ఫారం నింపినవాడికి ఇంత, ఫొటో దిగినవాడికి ఇంత. పాత ముద్రలు పనికిరావు, మళ్లీ వేయమంటే మళ్లీ మొదటికి. తెలంగాణలో 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డుల్ని ఇంటింటికీ వెళ్లి మళ్లీ విచారించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కంప్యూటరు కొట్టేసింది, గడప తొక్కి చూసినవాడు లేడు. 2017లో జార్ఖండ్ సిమ్‌డేగా జిల్లాలో 11 ఏళ్ల పిల్ల చనిపోయింది. ఆధార్ కలపలేదని రేషన్ ఆపేశారనీ, బిడ్డ అన్నం అడుగుతూ పోయిందనీ తల్లి చెప్పింది. కాదు, మలేరియా అంది సర్కారు.

వేలిముద్ర మన వాడలకి కొత్తదేం కాదు. 1871లో తెల్లవాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని బిగించి, మద్రాసు రాష్ట్రంలో కూడా అమల్లో పెట్టారు. పుట్టుకతోనే దొంగలని ముద్రేసి మన ఎరుకలోళ్ల పేర్లు రిజిస్టరుకెక్కించారు, వేలిముద్రలు తీసుకున్నారు. స్టూవర్టుపురం సెటిల్మెంటు అట్లా పుట్టిందే. అక్కడివాళ్లు పాసు లేకుండా ఊరు దాటితే నేరం. అదీ భద్రత కోసమే! 1952లో ఆ చట్టం పోయింది, పోలీసోడి చూపు మాత్రం ఇంకా పోలేదు. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ల జేబులో పాసుపుస్తకం పెట్టించిందీ ఈ బుద్ధే. దాన్ని ఎదిరించి 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు.

అంతదూరం ఎందుకు, మా ఇంటి సంగతే చెప్తాం. మా నాయన ప్రాంసరీ నోటు మీద నిశానీ వేశాడు. అందులో ఏం రాశారో ఆయనకి తెలియదు. అరెకరం పోయింది. అందుకే మమ్మల్ని బడికి పంపాడు. మా వంశంలో మొదటి సంతకం మాదే. డిగ్రీ పట్టా మీద పేరు చూసుకుని ఆయన ఏడ్చాడు. ఇప్పుడు ఆ సంతకం చాలదు, మళ్లీ వేలు పెట్టమంటున్నారు.

కార్డులన్నీ తగలబెట్టమనే మిత్రులున్నారు. వాళ్లతో మేము ఒప్పుకోం. మా చిన్నప్పుడు పల్లె ఓట్లు పెద్దిళ్లవాళ్లే గుద్దుకునేవాళ్లు. మన ఆడవాళ్లు బూతు దాకా పోతే "మీ ఓటు పడిపోయింది, ఇంటికి పొండి" అనేవాళ్లు. 1993లో శేషన్ ఫొటో ఉన్న ఓటరు కార్డు తెచ్చాక, అది చేత్తో పట్టుకుని "ఇది నేను, నా ఓటేదీ?" అని అడగడం కుదిరింది. ఉపాధి హామీ జాబు కార్డు కూడా అంతే. పని ఇవ్వకపోతే నిలదీయడానికి మన చేతిలో ఒక ఆధారం. మనం చూపించి అడిగే కార్డు వేరు, మనల్ని నిలబెట్టి అడిగే కార్డు వేరు. మొదటిది ఎన్నైనా ఇవ్వండి, దాచుకుంటాం.

రెండో రకం కార్డు చేసే మోసం చూడండి. ఇన్నేళ్లు ఆధార్ లేనిదే అడుగు తీసి అడుగు వేయనివ్వలేదు. 2025లో బీహార్ ఓటర్ల జాబితా సవరించేటప్పుడు ఎన్నికల సంఘం మొదట ఆధార్‌ని లెక్కలోకే తీసుకోలేదు, అది పౌరసత్వానికి రుజువు కాదంది. నిజమే, ఆధార్ చట్టంలోనూ ఆ ముక్క ఉంది. ఆగస్టు 1న వేసిన ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేచిపోయాయి. ఆధార్‌ని కూడా తీసుకోండని సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. బియ్యానికి రుజువు కావాలి, ఓటుకి ఇంకో రుజువు కావాలి. రేపు పొలిమేరలో నిలబడటానికి ఏ రుజువు అడుగుతారో?

1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లని తరిమి తరిమి నరికినప్పుడు ఎవరి కార్డూ ఎవరూ అడగలేదు. ఎవరు మాలో, ఎవరు మాదిగో ఊరికి తెలుసు. ఎనిమిది మంది పోయారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. వేల కోట్లు పోసి 130 కోట్లకు పైగా నంబర్లు ఇచ్చిన ఈ దేశంలో ఆ ఎనిమిది మందిని ఎవరు చంపారో తేలలేదు. భద్రత అనే మాట ఎవరన్నా మన వాడలో మాట్లాడితే ముందు దీనికి జవాబు చెప్పమనండి.

కార్యకర్తలకి ఒక మాట. వేలు పడలేదన్న సాకుతో సరుకు ఆపకూడదు. 2018 సెప్టెంబరు 26 తీర్పులో సుప్రీంకోర్టు ఆధార్‌ని చాలావరకు నిలబెట్టింది గానీ, ముద్ర సరిపోలనంత మాత్రాన అర్హుల నోటికాడ కూడు తీయొద్దని కూడా చెప్పింది. ఆధార్ లేదని పిల్లల్ని బడిలో చేర్చుకోకపోవడం కూడా కుదరదు. మా బళ్లో మేము అట్లా ఎవర్నీ తిప్పి పంపలేదు. డీలరు "రేపు రా" అంటే ఆ మాట కాగితం మీద రాసి తేదీ వేసి ఇవ్వమనండి. రాయడు. అప్పుడు మీరే అర్జీ రాసి, నలుగురు సాక్షుల సంతకాలతో తహసీల్దారుకిచ్చి రసీదు తీసుకోండి. ఒక్కళ్లే పోవద్దు.

పెద్దమ్మ కోసం మేము పదకొండు మందిమి పోయాం. మూడో రోజు వీఆర్వో డిపోకొచ్చాడు. వేలు పడనివాళ్ల బదులు ఆయన వేలు పెట్టొచ్చని రూలు ఉందట, అప్పటిదాకా ఎవరూ చెప్పలా. పెద్దమ్మ సంచి పట్టుకుని పక్కన నిలబడింది. వీఆర్వోగారి వేలు మొదటిసారికే పడింది.