గోరువెచ్చని భక్తి

ఎండనపడి వచ్చిన మనిషికి గోరువెచ్చని నీళ్ళు ఇచ్చి చూడండి. ఒక్క గుక్క పోసుకుని ఉమ్మేస్తారు. ఎండాకాలం కుండనీళ్ళు కావాలి, జలుబు చేస్తే వేడినీళ్ళు కావాలి. మధ్యరకం నోటికి పట్టదు.

బైబిలు చివర దర్శన గ్రంథం మూడో అధ్యాయంలో ప్రభువు లవొదికయ సంఘం మీద పెట్టిన నేరం ఇదే. లవొదికయ ఇప్పటి టర్కీలో ఉండేది, బాగా డబ్బున్న ఊరు. క్రీ.శ. 60లో భూకంపం వస్తే రోము సాయం లేకుండానే మళ్ళీ కట్టుకున్నారట! ఒకవైపు హియెరాపొలిలో వేడినీటి ఊటలు, మరోవైపు కొలొస్సయిలో చల్లటి నీళ్ళు. వీళ్ళకు మాత్రం గొట్టాల్లో వచ్చే నీళ్ళు ఊరు చేరేసరికి గోరువెచ్చనై ఉండేవని పెద్దలు వివరిస్తారు. "మాకేం తక్కువ" అనుకోవడమే వాళ్ళ జబ్బు.

ఆ జబ్బు నాకూ ఉందని ఈమధ్యే తెలిసింది. మా మఠంపల్లి శుభవార్త దేవాలయంలో ఆదివారం పూజ నేను తప్పను. ఇంట్లో జపమాల తప్పదు. కానీ పెదాలు జపం చేస్తుంటే మనసు రేపటి కూర గురించి ఆలోచిస్తుంటుంది. మొన్న మా వీధి చివర ఒక పెద్దామె తన గడపలోంచి పిలిచి, "మోకాళ్ళ నొప్పులమ్మా, మూడు నెలలైంది గుడికి రాక. నువ్వన్నా వచ్చి అడుగుతావనుకున్నా" అంది. ప్రతి ఆదివారం ఆవిడ కూర్చునేది నా ముందు వరసలోనే. ఆ చోటు ఖాళీగా ఉందని నేను చూడనేలేదు! సిగ్గుతో తల వంగిపోయింది.

మార్చి 25న మనం శుభవార్త పండుగ చేసుకుంటాం. అంత గొప్ప కబురు విన్న మరియమ్మగారు ఇంట్లో కూర్చుని మురిసిపోలేదు. ముసలితనంలో గర్భవతి అయిన చుట్టం ఎలిజబెత్తమ్మ దగ్గరికి త్వరత్వరగా వెళ్ళి, దాదాపు మూడు నెలలు తోడుంది. ఆమె తోడున్నదీ మూడు నెలలే, నేను మరిచిందీ మూడు నెలలే.

అందుకే ఇప్పుడు చిన్న నియమాలు పెట్టుకున్నాను. జపమాల అయిదు గుర్తులూ పరుగున ముగించే బదులు ఒక్క గుర్తయినా మనసు పెట్టి చెప్పాలి. పూజ అయ్యాక ఎవరు రాలేదో చూసి, ఆ వారంలో ఒకసారి వాళ్ళ గుమ్మం తొక్కాలి. రాత్రి దీపం ఆర్పేముందు "ఈరోజు నావల్ల ఎవరికి మేలు జరిగింది?" అని నన్ను నేను అడుక్కోవాలి.

పొయ్యి మీద పాలగిన్నె పెట్టి పక్కకు వెళ్ళం కదా! మన ఆత్మ మీద కూడా అంత కన్ను ఉంచుదాం.