ఉపవాసం సరే, ఈ ‘నీసు’ ఎక్కడిది?

మా వైపు ‘కూర’ అంటే మాంసమే. ‘ఇయ్యాల కూర తెచ్చిన్రా’ అని అడిగితే వంకాయ సంగతి ఎవరికీ గుర్తు రాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో, ముఖ్యంగా మాల మాదిగ వాడల్లో, ఇదే భాష. అదే వాడల్లోని క్రైస్తవుల ఇళ్లలో విభూది బుధవారం రాగానే ‘కూర’ కాస్తా ‘నీసు’ అయిపోతుంది. కూర గిన్నెలు తోమి పక్కన పెడతారు. నీసు ముట్టిన చేత్తో బైబిలు పట్టుకోవద్దని పిల్లల్ని గదమాయిస్తారు. ఏడాదంతా ఇష్టంగా తిన్నది ఈ నలభై రోజులకు మైల ఎట్లా అయింది?

నాకు ఉపవాసంతో పేచీ లేదు. శ్రమల కాలంలో ఒక ఇష్టాన్ని వదులుకోవడం అర్థమున్న పనే. కానీ వదులుకునేది మంచిదైతేనే కదా అది త్యాగం! చెడ్డదాన్ని, మురికిదాన్ని వదిలిపెడితే దేవుడికి ఇచ్చిందేముంది? మాంసాన్ని అంటరానిదిగా చూపించి పిల్లల చేత మాన్పించేవాళ్లు ఉపవాసాన్నే అబద్ధం చేస్తున్నారు. వాళ్లు నేర్పుతున్నది క్రీస్తు శ్రమల్ని కాదు, కులాన్ని.

ఈ అసహ్యానికి చరిత్ర ఉంది. 1860లలో ఒంగోలు ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్యతో మొదలై మాదిగలు బాప్తిస్మానికి వచ్చినప్పుడు, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. ఆ మూడోదాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. చచ్చిన గొడ్డును మోసే వెట్టి నుంచి తప్పుకునే దారి కూడా అందులో ఉంది. కానీ వెట్టి మీద పుట్టాల్సిన కోపం మెల్లగా మాంసం మీదికి మళ్లింది. మన మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌లో 1912లో వి.ఎస్. అజరయ్య భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు. ఆ సంఘంలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలే. వాళ్ల మనవరాళ్లం, మునిమనవరాళ్లం ఇవాళ ‘మేం ఈ నలభై రోజులు అచ్చం బాపనోళ్ల లెక్కనే ఉంటం’ అని గొప్పగా చెప్పుకుంటున్నాం. ఈ మాట చర్చి మెట్ల మీద నేను చాలాసార్లు విన్నాను. శాకాహారం పవిత్రతకు కొలబద్ద అని మనకు బైబిలు చెప్పలేదు. యొప్పే పట్నంలో పేతురుకు కనిపించిన దర్శనం దీనికి సరిగ్గా ఎదురు చెబుతుంది. దేవుడు పవిత్రం చేసినదాన్ని నువ్వు నిషిద్ధమనొద్దన్నదే దాని సారం. ఆ అధ్యాయం మీద ప్రసంగం ఈ కాలంలో ఎందుకు వినపడదో మరి!

పోనీ, సంఘం చట్టమైనా ఇంత కఠినంగా ఉందా అంటే అదీ లేదు. 1983 నాటి కతోలిక ధర్మశాస్త్రం ప్రకారం మాంసం మానాల్సింది 14 ఏళ్లు నిండినవాళ్లు మాత్రమే. ఉపవాసం 18 నిండినవాళ్లకు. అదీ నలభై రోజులూ కాదు. చేప, గుడ్డు, పాలు తినొచ్చు. చిన్నపిల్లలకు తపస్సు అంటే ఏమిటో అర్థమయ్యేలా చెప్పమని మాత్రమే పెద్దల్ని కోరింది. మన ఇళ్లలోనేమో ఏడేళ్ల పిల్ల బడిలో పెట్టిన గుడ్డు వద్దని వాపసు చేస్తే ‘ఎంత భక్తో’ అని మురిసిపోతాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి. రక్తం లేని పిల్ల గుడ్డు వదులుకుంటే ఏ దేవుడికి లాభం?

ఇక పొయ్యి దగ్గరికి వద్దాం. ఉపవాసం ఉండేది ఎవరు? తల్లి, కూతురు, ముసలి అత్త. ‘నాకు పడదు’ అని తప్పించుకునేది ఎవరో చెప్పాల్సిన పని లేదు. అంటే నలభై రోజులూ రెండు వంటలు. ఉపవాసమున్న ఆడమనిషే ఉపవాసం లేని మగవాడికి కోడి కోసి, మసాలా నూరి, ఉప్పు చూడకుండా వండి పెట్టాలి. ఆ పక్కనే కూతురికి పప్పుచారు పోపు నేర్పాలి. కొడుకు సిలువ మార్గంలో సిలువ పట్టుకుని ముందు నడుస్తాడు, ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటాడు. త్యాగం గురించిన పండగలో కూడా త్యాగం ఒక్కవైపే!

మెక్సికో వాళ్ల ఇళ్లలో ఈ రోజుల్లో కపిరోతాద అని రొట్టెముక్కలు, బెల్లం పాకం, దాల్చినచెక్క, లవంగాలు వేసి చేసే తీపి వంటకం ఉంది. రొట్టె క్రీస్తు దేహం, పాకం రక్తం, లవంగాలు మేకులు అని చెబుతూ చేస్తారు. పిల్లలకు కథ చెబుతూ చేయించడానికి ఎంత వీలైన వంట! అక్కడ కూడా పొయ్యి ముందు నిలబడేది ఎక్కువగా అమ్మమ్మలేనన్నది వేరే సంగతి. మనకు అట్లాంటివి లేవా? పచ్చిపులుసుకు పొయ్యి కూడా అక్కర్లేదు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ తరిగి, నువ్వుల పొడి కలపడం ఎనిమిదేళ్ల మగపిల్లవాడు అవలీలగా చేస్తాడు. బబ్బెర్ల గుడాలు ఉడికించగలడు. పుంటికూర ఆకు తుంచగలడు. సరిగ్గా ఇదే కాలంలో భూపాలపల్లి అడవుల్లో ఇప్పపువ్వు రాలుతుంది, కోయవాళ్లు ఏరి ఎండబెట్టి వండుకుంటారు. చింతచిగురు మొదలవుతుంది. ఇవి మన తిండే, మాంసంతో పాటు ఎప్పుడూ తిన్నవే. వీటిని ‘శుద్ధమైనవి’ అని వేరే పీట మీద కూర్చోబెట్టొద్దు.

‘పిల్లలకు నిగ్రహం నేర్పొద్దా’ అని అక్కయ్యలు అడుగుతారు. నేర్పాలి. యెషయా 58వ అధ్యాయం ఉపవాసమంటే ఆకలిగొన్నవాళ్లతో తిండి పంచుకోవడమంటుంది. పద్నాలుగు నిండిన కొడుకుని శుక్రవారం కూర మానమనండి. ఆ కూర డబ్బులు లెక్కపెట్టి వాడి చేతే వాడలో ఒంటరిగా ఉన్న ముసలమ్మకు పంపించండి. ఆ పూట వంటా వాడినే చేయమనండి. కూర రుచి తెలిసినవాడికే అది మానడంలో కష్టం తెలుస్తుంది. ఆ రుచిని మురికి అని చెప్పేశాక ఇక ఆ కష్టం ఎక్కడిది?

పైగా ఈ ‘నీసు’ మాట మన వాకిలి దాటి పక్కింటికీ పోతుంది. 2014 కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వే ప్రకారం తెలంగాణలో 98 శాతానికి పైగా మాంసం తినేవాళ్లే. వాళ్లంతా మైలపడ్డవాళ్లా? 2024లో ఫిబ్రవరి 14న విభూది బుధవారం వచ్చింది, 21 నుంచి 24 దాకా మేడారం జాతర. సమ్మక్క సారలమ్మలకు మొక్కు చెల్లించి వచ్చినవాళ్లు చుట్టుపక్కల ఇళ్లకు యాటకూర గిన్నెలు పంపారు. మా చుట్టాల్లో ఒక ఇంట్లో ‘నీసు, లోపలికి తేవద్దు’ అని గడప దగ్గరే తిప్పి పంపారు. అదే వాడలో ఇంకొక అత్త, తనూ ఉపవాసంలోనే ఉండి, గిన్నె అందుకుని కూర పిల్లలకు పెట్టింది. ఉత్త గిన్నె ఇవ్వకూడదని నిండా గుడాలు పోసి, మనవడి చేతికిచ్చి పంపింది.