అడవికి పోయినా పొయ్యి వెంటేనా?

సెలవుల్లో కుటుంబమంతా అడవికి పోయి టెంట్లలో ఉండి వస్తే దాన్ని క్యాంపింగ్ అంటారు. ఆ ఇంటి ఇల్లాలు అక్కడా మూడు పూటలు వండి, వడ్డించి, అంట్లు తోమి వస్తే దాన్ని ఏమనాలి? నేనైతే బదిలీ అంటాను. పని అదే, ఊరు మాత్రం మారింది. ఇంట్లో ఉన్న సింకు, మిక్సీ, ఫ్రిజ్జు కూడా ఆ కొత్త ఊళ్లో ఉండవు.

మాట కొంచెం కారంగా ఉందేమో. మా వైపు తిండే కారం, మాట ఎట్లా చప్పగా ఉంటుంది?

మేం మూడిళ్ల వాళ్లం. నేను ఉండేది హిందూపురం. పుట్టిల్లు పెనుకొండ, తమ్ముడూ మరదలూ అక్కడే ఉంటారు. అక్కను ధర్మవరంలో మగ్గాల ఇంటికి ఇచ్చారు. పెద్దవాళ్లం ఆరుగురం, పదేళ్లలోపు పిల్లలు ఐదుగురు. మా అమ్మ కాలంలో ఊరు దాటడమంటే తిరుపతి, లేకపోతే కదిరి తేరు, అదీ కాకుంటే ఎవరిదో పెండ్లి. ఇప్పుడు బెంగళూరు పక్కనే ఉంది కాబట్టి అక్కడి సరదాలన్నీ కొంచెం ఆలస్యంగా మాకూ వస్తాయి. క్యాంపింగూ అట్లాగే వచ్చింది. మంచిదే, రానివ్వండి. నా తగవు అడవితో కాదు, టెంటుతోనూ కాదు. మన వెంట బండెక్కి వచ్చే పొయ్యితో.

రెండుసార్లు పోయాం. మొదటిసారి కర్ణాటక వైపు ఒక అడవి అంచున, ఒక ప్రైవేటు క్యాంపుకు. ‘మీ వంట మీరే చేసుకోవచ్చు’ అని వాళ్ల ప్రకటన. మగవాళ్లకు ఆ మాట ఎంత నచ్చిందో! ‘మీరే’ అంటే ఎవరు అని ఎవరూ అడగలేదు. మా ఆయన ఒక బ్యాగు సర్దుకున్నారు. తమ్ముడు బైనాక్యులర్స్ కొన్నాడు. నేను, అక్క, మరదలు కలిసి సర్దింది చెబుతా వినండి: కుక్కరు, చిన్న సిలిండరు పొయ్యి, బియ్యం, కందిపప్పు, చింతపండు, చెనక్కాయల పొడి, ఉల్లిగడ్డలు, రాగిపిండి, నూనె, పోపుల డబ్బా, కత్తిపీట, గరిటెలు, పదకొండు కంచాలు, అంట్లు తోమే పీచు, సబ్బు. ఇది కాక పిల్లల బట్టలు, మందులు, దోమల క్రీము, స్వెట్టర్లు. పెండ్లికి వంట మేస్త్రి వచ్చినట్టు దిగాం అడవిలో.

మరుసటి రోజు పొద్దున ఆరున్నరకు కంచె అవతలికి దుప్పుల మంద వచ్చిందట. పిల్లలు ఐదుగురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, నోరు మెదపకుండా పావుగంట నిలబడ్డారట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే నేను చూడలేదు. ఆ టైముకు మేం ముగ్గురం ఉప్మాకు ఉల్లిగడ్డలు తరుగుతున్నాం. మా చిన్నది పరిగెత్తుకొచ్చి ‘అమ్మా, చూశావా?’ అంది. వెనకే వాళ్ల నాన్న, ‘ఫోన్లో తీసినాలే, తర్వాత చూపిస్తా’ అన్నారు. జింకను ఫోన్లో చూసేదానికైతే హిందూపురంలో మా సోఫా మీద కూర్చునే చూసేదాన్ని కదా!

ఆ ట్రిప్పు ఫోటోలు 300 పైనే ఉన్నాయి. మేం ముగ్గురు ఆడవాళ్లం కలిసి ఉన్నవి నాలుగు. అందులో మూడు పొయ్యి దగ్గరివే.

రెండోసారి పొయ్యి రాదని నేను ముందే చెప్పేశాను. ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఆ చర్చలో వచ్చిన మాటలు మీ ఇళ్లలోనూ వస్తాయి కాబట్టి ఒక్కొక్కటే చెబుతాను.

మొదటి మాట అత్తమ్మది. ‘పసిపిల్లలకు బయటి తిండి పడదు.’ ప్రేమతో అన్న మాటే, కాదనను. కానీ బడిలో స్నేహితుడి పుట్టినరోజు కేకు పడుతుంది, తేరులో బజ్జీలు పడతాయి, పెండ్లి భోజనం పడుతుంది. ఒక్క అమ్మ కూర్చుని తినే చోటే పడదా? పోయిన సంక్రాంతి సెలవుల చివర్లో మేం పోయింది నల్లమలకు, నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గరి బైర్లూటి క్యాంపుకు. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో అటవీశాఖ ఆధ్వర్యంలో నడిచే క్యాంపు అది. పేరుకు నేషనల్ పార్కు కాదు గానీ, ఆ తేడా పిల్లలకేం తెలుసు? భోజనం ప్యాకేజీలోనే ఉంటుంది. అన్నం, పప్పు, కూర, పెరుగు. పిల్లలు తిన్నారు, అరిగింది, ఆడుకున్నారు. తమ్ముడి కొడుక్కి రెండేళ్లు. వాడికోసం మరదలు వేయించిన రాగిపిండి తీసుకొచ్చింది. వంటవాళ్లను వేడినీళ్లు అడిగితే ఇచ్చారు. దారికి బొరుగులు, చెనక్కాయల ఉండలు, అరటిపండ్లు పెట్టుకున్నాం. గుత్తి దాటాక ఉగ్గాణి, బజ్జీ తిన్నాం. 300 కిలోమీటర్ల పైచిలుకు దారిలో ఒక్క గిన్నె కూడా మేం కడగలేదు.

రెండో మాట తమ్ముడిది. ‘మంట వేసి వండుకోకపోతే అది క్యాంపింగ్ ఎట్లా అవుతుంది?’ సినిమాల్లో అట్లాగే ఉంటుంది, నిజమే. నల్లమలలో సంక్రాంతి దాటిందంటే ఆకు రాలడం మొదలవుతుంది. ఎండాకాలానికి నేలంతా ఎండుటాకుల పరుపు. ఆ టైములో ఒక్క నిప్పురవ్వ ఎంత అడవిని తింటుందో అటవీశాఖలో పనిచేసేవాళ్లను అడగండి. అభయారణ్యానికి ప్రమాదం వచ్చేట్టు నిప్పు రాజేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అంటే ఈ విషయంలో చట్టం కూడా మన పక్కనే ఉందమ్మా! పొయ్యి ఎందుకు తేలేదని ఎవరైనా అడిగితే చట్టం పేరు చెప్పండి. ఇంట్లో మన మాట చెల్లకపోయినా సర్కారు మాట చెల్లుతుంది.

నిప్పు సంగతి అటుంచితే, వాసన ఉంది. మడకశిర, కళ్యాణదుర్గం వైపు తిండి వెతుక్కుంటూ ఎలుగుబంట్లు ఊళ్ల దగ్గరికి వస్తాయని మనకు కొత్తగా చెప్పాలా? ఊళ్లోకే వచ్చే జంతువు, దాని ఇంట్లో మనం మసాలా వేయిస్తే రాదా? పసిపిల్లలు పడుకున్న టెంటు పక్కన మిగిలిన కూర, ఎముకలు పెట్టుకుని పడుకోవడం ధైర్యం కాదు, తెలివితక్కువతనం. మనం పారేసిన ప్లాస్టిక్ కవరుకు కూర అంటుకుని ఉంటే దుప్పి దాన్ని కవరుతో సహా మింగుతుంది. కోతులకు ఒకసారి రుచి చూపిస్తే తర్వాత వచ్చే పిల్లల చేతిలోది లాక్కుంటాయి. వంట లేకపోతే ఈ గొడవల్లో సగం ఉండవు.

మూడో మాట మా బావది. ‘అక్కడ మగవాళ్లమే వండుతాం లేమ్మా, మీరు కూర్చోండి.’ ఈ మాటకు నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే మొదటి ట్రిప్పులో ఒక రాత్రి చికెన్ వండింది ఆయనే. కోడిని కడిగింది అక్క. అల్లం వెల్లుల్లి దంచింది నేను. ఉల్లిగడ్డలు తరిగింది మరదలు. బావ గరిటె పట్టుకుని గంటసేపు తిప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు, వీడియో తీశారు. రాత్రి పదకొండు గంటలకు టార్చిలైటు వెలుగులో మాడిన అడుగు గీకింది మళ్లీ మేం ముగ్గురమే. దానికి వీడియో లేదు. మగవాళ్లు నిజంగా వండితే నాకు సంతోషమే. ఏం కావాలో ముందు చీటీ రాసుకోవడం దగ్గర మొదలుపెట్టి, పీచు పిండి ఆరేసేదాకా అంతా చేస్తే దాన్ని వంట అంటారు. మధ్యలో గరిటె తిప్పడం వంట కాదు.

నాలుగోది డబ్బు మాట. ఇది మాత్రం న్యాయమైన మాట. తిండితో కూడిన ప్యాకేజీకి డబ్బు ఎక్కువే అవుతుంది, పదకొండు మందికంటే ఇంకా ఎక్కువ. మేం లెక్క వేశాం. సరుకులు, సిలిండరు, బండి మీద అదనపు సామాను, అన్నీ తీసేస్తే తేడా ధర్మవరం పట్టుచీర కొంగు ఖరీదు కూడా రాలేదు. అదీ కష్టమనుకుంటే మూడు రోజులకు బదులు రెండు రోజులే పోదాం. దూరం తగ్గించుకుందాం. చలికాలం పొద్దున పెనుకొండ కొండెక్కి పెరుగన్నం తిని దిగితే పిల్లలకు అది చాలు. చిలమత్తూరు వైపు వీరాపురంలో ఊరి చెట్ల మీదికే ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి, ఒక పూటలో చూసి రావచ్చు. నేషనల్ పార్కే కావాలంటే బెంగళూరు పక్కన బన్నేరుఘట్ట ఉంది, తిరుపతి వైపు శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు, అందులో తలకోన ఉన్నాయి. ఖర్చు తగ్గించడానికి దారులు వెయ్యి ఉన్నాయి. ఇల్లాలి సెలవును కోసి ఖర్చు తగ్గించడం మాత్రం దారి కాదు.

ఇంకొక సంగతి ఉంది, దాన్ని ఇంట్లో ఎవరూ ఎత్తరు. బాత్రూము. ప్రయాణం అనగానే మనలో చాలామంది పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఎండలో, పసిబిడ్డకు పాలిచ్చే తల్లి కూడా మానేస్తుంది. తర్వాత మంట, జ్వరం, డాక్టరు. అందుకే బుక్ చేసేటప్పుడు ఫోను మనం తీసుకోవాలి. పులి కనిపిస్తుందా అని మగవాళ్లు అడుగుతారు, అడగనివ్వండి. మనం అడగాల్సినవి వేరు. టెంటు నుంచి బాత్రూము ఎన్ని అడుగులు? రాత్రి లైటు ఉంటుందా? తలుపుకు లోపల గడియ ఉందా? నీళ్లు నిండుగా వస్తాయా? వీటికి సరైన జవాబు రాకపోతే పులి వచ్చి షేక్‌హ్యాండ్ ఇస్తుందన్నా పోవద్దు.

ఇంత తగాదా ఎందుకు, ఇంట్లోనే ఉండొచ్చు కదా అంటారేమో. ఉండకూడదు. పిల్లల కోసం పోవాలి, మన కోసమూ పోవాలి. హిందూపురంలో మా పిల్లలకు చీకటి అంటే కరెంటు పోవడం. బైర్లూటిలో రాత్రి టెంటు బయట నిలబడి మా పెద్దోడు ‘అమ్మా, ఇన్ని చుక్కలు ఎప్పుడొచ్చినాయి?’ అని అడిగాడు. పొద్దున సఫారీలో మాతో వచ్చిన చెంచు అన్న బండి ఆపి దుమ్ములో ఒక అడుగు చూపించాడు. గోళ్ల గుర్తులుంటే కుక్క జాతి, లేకపోతే పిల్లి జాతి అని చెప్పాడు. గోళ్ల గుర్తులు లేవు. అది చిరుతది. ఎలుగుబంటి చెదల కోసం తవ్విన పుట్టను చూపించాడు. మొసలి చర్మం లాంటి బెరడున్న నల్లమద్ది చెట్టును పిల్లలు ఐదుగురూ తడిమి చూశారు. పులి కనబడలేదు. కనబడకపోవచ్చని ముందే చెప్పి తీసుకెళ్లాం కాబట్టి ఎవరూ ఏడవలేదు.

ఇవన్నీ నేను కళ్లారా చూశాను. ‘అట’ లేదు. ఇంటికొచ్చి నెలలైనా మా చిన్నది వీధికుక్క అడుగు చూసి ‘గోళ్లున్నాయి అమ్మా!’ అంటుంది. నాకు అర్థమవుతుంది. ఎందుకంటే ఆ మాట విన్నప్పుడు నేను దాని పక్కనే ఉన్నాను. పిల్లలు పెద్దయ్యాక గుర్తు చేసుకునే అడవిలో అమ్మ ఎక్కడుండాలి? పొగ వెనకా, తమ పక్కనా? నేను అడుగుతున్నది ఇదొక్కటే.

చివరగా మనకు మనం చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. ‘నేను వండకపోతే వీళ్లకు జరగదు’ అనుకోవడంలో మనకూ కొంచెం గర్వం ఉంటుంది. పండగ మూడు రోజులూ మూకుడు ముందు నిలబడి, అందరూ బాగుందంటే కాళ్ల నొప్పి మర్చిపోతాం. ఆ గర్వం ఇంట్లో ఉండనివ్వండి. దాన్ని డిక్కీలో పెట్టుకుని అడవిదాకా మోయక్కర్లేదు. రెండు రోజులు మన చేతివంట లేకపోతే ఇంటికొచ్చాక చారన్నం కూడా విందులా తింటారు, చూడండి.

చాలా పులుల అభయారణ్యాల్లో వానాకాలం, జులై నుంచి సెప్టెంబరు దాకా సందర్శకులను రానివ్వరు. కాబట్టి దసరా సెలవులకో, సంక్రాంతి తర్వాతో మీ ఇంట్లోనూ ఈ మాట వస్తుంది. బండి వాకిట్లో నిలబడుతుంది. సామాను ఎక్కిస్తూ ఎవరో ఒకరు ‘పొయ్యి ఎక్కడ పెట్టాలి?’ అని అడుగుతారు. ‘వంటింట్లో, గట్టు మీద, ఉన్నచోటే’ అని చెప్పి, ముందు సీట్లో ఎక్కి కూర్చోండి.